నల్ల ఆయిలు డ్రమ్ము గేటు దాటే ముందు: చిన్న గ్యారేజీలు ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు పాటించే పద్ధతి

ఇంజిన్‌లోంచి తీసిన ఆయిలు డ్రెయిన్ ట్రేలో పడగానే అది చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం అవుతుంది. 2016 ఏప్రిల్ 4న కేంద్రం నోటిఫై చేసిన ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో 5.1 నంబరు దానిదే. ఇన్ని లీటర్ల లోపైతే మినహాయింపు అన్న మాట ఆ షెడ్యూలులో లేదు. విజయవాడ ఆటోనగర్‌లో రెండు ర్యాంపులతో నడిచే షెడ్డుకైనా, కంపెనీ డీలరు నడిపే పెద్ద సర్వీసు సెంటరుకైనా నిబంధనలు అవే.

చిన్న గ్యారేజీలకు చిక్కు వచ్చేది ఎక్కువగా ఆయిలు ఒలికినందువల్ల కాదు. డ్రమ్ము ఎక్కడికి వెళ్లిందో చూపలేకపోవడం వల్ల. నగదు చేతిలో పెట్టి పట్టుకెళ్లిన మనిషి దాన్ని ఇటుక బట్టీలో మండించవచ్చు, సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి అమ్మవచ్చు, చెదలు పట్టకుండా గుంజలకు రాసుకునేవారికి లీటర్ల లెక్కన ఇవ్వవచ్చు. ఆ ఆయిలులో ఇంజిన్ అరుగుదల లోహాలు, సగం కాలిన ఇంధనపు పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. తక్కువ వేడిలో కాలిస్తే అవన్నీ పొగలోకి, నేలమీద పోస్తే బోరు నీళ్లలోకి చేరతాయి. వ్యర్థం వల్ల పర్యావరణానికి నష్టం జరిగితే దాన్ని పుట్టించిన యజమాని బాధ్యుడని 23వ నిబంధన చెబుతోంది. అందుకే కింద చెప్పేదంతా ఒక్క పని కోసమే: గేటు దాటే ప్రతి కిలోకూ ఆథరైజేషన్ (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే వ్యర్థాల అనుమతి), రిజిస్టరు, మానిఫెస్టు (సరుకు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చూపే రవాణా పత్రం) మూడూ ఒకే మాట చెప్పాలి.

ముందుగా జాబితా

ఆథరైజేషన్ దరఖాస్తు నింపే ముందు ఒక నెలపాటు షెడ్డులో ఏమేం పుడుతున్నాయో తూచి రాయండి. అందాజు అంకెలు వేస్తే తర్వాత ఏడాదంతా వాటితో కుస్తీ పట్టాల్సి వస్తుంది. మామూలు గ్యారేజీలో కనబడేవి ఇవి:

- వాడిన ఇంజిన్, గేరు, హైడ్రాలిక్ ఆయిళ్లు: 5.1
- ఆయిలు అంటిన మిగతా చెత్త, ఒలికినప్పుడు వాడిన ఇసుక, రంపపు పొట్టు: 5.2
- పెయింటు బూత్ ఉంటే అక్కడి మడ్డి, ఎండిన పెయింటు, థిన్నర్ అడుగు: 21.1
- ఆయిలు, పెయింటు, కెమికల్ ఖాళీ డబ్బాలు, డ్రమ్ములు: 33.1
- కాటన్ వేస్ట్, తుడిచిన గుడ్డలు: 33.2
- వాషింగ్ నీటిని కెమికల్ వేసి శుద్ధి చేస్తే మిగిలే మడ్డి: 35.3. ఆయిలు ట్రాపు (నీళ్ల నుంచి ఆయిలును వేరుచేసే తొట్టి) పైన తేలే జిడ్డు: 35.4

ఆయిలు ఫిల్టర్లను ఏ నంబరు కింద రాయాలన్న సందేహం చాలామందికి వస్తుంది. వాటిని విడిగా ఒక వరుసలో చూపించి, ఏ నంబరు కింద అనుమతిస్తున్నారో ఆథరైజేషన్ ఆర్డరులోనే రాయించుకోండి. ఆర్డరులో లేని వ్యర్థం మీ షెడ్డులో కనబడితే అదే మొదటి తప్పవుతుంది.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. రోజుకు 8 కార్లు, కారుకు 3.5 లీటర్లు, నెలకు 26 పనిరోజులు అనుకుంటే 728 లీటర్లు. ఏడాదికి 8,736 లీటర్లు. వాడిన ఆయిలు లీటరు సుమారు 0.88 కిలోలు తూగుతుంది కాబట్టి ఇది దాదాపు 7.7 టన్నులు. ఈ లీటరు, కిలో తేడాను ఇప్పుడే మనసులో పెట్టుకోండి. రిజిస్టరులో లీటర్లు, మానిఫెస్టులో కిలోలు, ఆర్డరులో టన్నులు ఉండి, వాటిని ఎవరూ కలిపి చూడకపోవడం వల్ల ఏడాది చివర్లో పదో వంతుకు పైగా ఆయిలు 'మాయమైనట్టు' కనిపిస్తుంది. మొదటి రోజు నుంచీ అన్నీ కిలోల్లోనే రాయండి. కొలిచేది లీటర్లలోనే అయితే పక్కన 0.88తో గుణించిన అంకె కూడా వేయండి.

అనుమతి కాగితం

సర్వీసింగ్, రిపేరు, పెయింటింగ్ చేసే ఆటోమొబైల్ యూనిట్లను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 వర్గీకరణలో ఆరెంజ్ (మధ్యస్థ కాలుష్యం) వర్గం కింద పెట్టింది. వర్గాలను సవరిస్తుంటారు కాబట్టి దరఖాస్తు చేసే రోజున రాష్ట్ర మండలి పోర్టల్ చూపే వర్గాన్నే తీసుకోండి. కొత్త షెడ్డుకు ముందు సీఎఫ్‌ఈ (స్థాపనకు సమ్మతి), పని మొదలుపెట్టే ముందు సీఎఫ్‌ఓ (నడపడానికి సమ్మతి) కావాలి. ఇవి 1974 జల చట్టం, 1981 వాయు చట్టం కింద వచ్చేవి. వ్యర్థాల ఆథరైజేషన్ వేరే: 6వ నిబంధన కింద ఫారం 1తో దరఖాస్తు చేయాలి, మండలి ఫారం 2లో ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో సీఎఫ్‌ఓనూ ఆథరైజేషన్‌నూ ఒకే ఆర్డరుగా కలిపి ఇవ్వడం మామూలే. కలిపి ఇచ్చినా, అందులో వ్యర్థాల పట్టిక ఉందో లేదో చూసుకోండి. సీఎఫ్‌ఓ ఉంది కదా, ఆథరైజేషన్ కూడా ఉన్నట్టే అనుకుని ఏళ్లతరబడి గడిపేసేవారు ఉన్నారు.

ఆథరైజేషన్ గడువు 5 ఏళ్లు. రెన్యువల్ దరఖాస్తుతో పాటు పాత షరతులు పాటించినట్టు స్వయంగా ధ్రువీకరించిన నివేదిక పెట్టాలి. సంఖ్యలు రాసేటప్పుడు ఇప్పటి ఉత్పత్తికి కాస్త పైన రాయండి. ఈ ఏడాది 7.7 టన్నులైతే, వచ్చే మూడేళ్లలో మరో ర్యాంపు వేసే ఆలోచన ఉంటే దాన్నీ కలుపుకోండి. కానీ 7 టన్నులు వచ్చే చోట 30 అని రాస్తే, మిగిలిన 23 ఎక్కడని అడిగే అవకాశం మీరే ఇచ్చినట్టు.

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద శిక్షలు 2024 ఏప్రిల్ 1 నుంచి మారాయి. 15వ సెక్షన్ కింద ఉల్లంఘనకు జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా ఉంటుంది. ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 వేలు అదనం.

నిల్వ చేసే చోటు

వ్యర్థాన్ని 90 రోజులకు మించి ఉంచకూడదు (8వ నిబంధన). ఏడాదికి 10 టన్నుల లోపు పుట్టించే చిన్న యూనిట్లకు మండలి ఈ గడువును 180 రోజుల దాకా పెంచవచ్చు. కానీ అడిగి, లిఖితంగా తెచ్చుకోవాలి. దానంతట అది రాదు. పై ఉదాహరణలో ఆయిలు ఒక్కటే 7.7 టన్నులు. ఫిల్టర్లు, గుడ్డలు, మడ్డి కలిపాక 10 దాటుతుందేమో తూచి చూసుకోండి.

90 రోజుల్లో 2,184 లీటర్లు పోగవుతుంది. 210 లీటర్ల డ్రమ్మును అంచుదాకా నింపకుండా 190 దగ్గర ఆపితే 12 డ్రమ్ములు కావాలి. ఎండకు ఆయిలు వ్యాకోచిస్తుంది, డ్రమ్ము ఎత్తేటప్పుడు ఊగుతుంది, అందుకే ఆ ఖాళీ. నిల్వ గది ఇలా ఉంటే సరిపోతుంది:

నేల కాంక్రీటు, పైన ఎపాక్సీ గానీ ఆయిలు పీల్చని మరో పూత గానీ. చుట్టూ 10 సెంటీమీటర్ల గట్టు. 3.5 మీటర్లు × 2.5 మీటర్ల చోటులో 12 డ్రమ్ములు నిలబెట్టినా గట్టు లోపల 500 లీటర్లకు పైగా ఆగుతుంది. ఎంత ఆగాలనే దానికి పాటించే కొలత ఏమిటంటే, అతిపెద్ద పాత్రలో పట్టేదానికి 110 శాతం. 210 లీటర్ల డ్రమ్ముకు 231 లీటర్లు. రేకుల పైకప్పు తప్పనిసరి, గోడ వైపు జల్లు కొట్టకుండా చూడండి. గట్టులో వాననీళ్లు చేరితే అవీ ఆయిలు కలిసిన నీళ్లే అవుతాయి, వాటిని బయటకు వదలడానికి వీల్లేదు. గట్టుకు డ్రెయిన్ రంధ్రం పెట్టకండి. పెడితే ఎవరో ఒకరు తెరిచి ఉంచుతారు. ఆయిలు డ్రమ్ములకు, బ్యాటరీలకు, థిన్నరుకు వేర్వేరు మూలలు కేటాయించండి. తాళం వేయండి. ఇసుక బకెట్లు, ఆయిలు మంటకు పనికొచ్చే ఫోమ్ లేదా డ్రై పౌడర్ సిలిండరు గది తలుపుకు బయట ఉండాలి. లోపల పెడితే మంట దాటి వెళ్లి తెచ్చుకోవాలి.

ప్రతి డ్రమ్ముమీదా ఫారం 8 లేబుల్ ఉండాలి. నేపథ్యం మెరిసే పసుపు రంగు. 'ప్రమాదకర వ్యర్థాలు', 'జాగ్రత్తగా వాడాలి' అనే మాటలు ఎరుపులో హిందీ, ఇంగ్లిషు, స్థానిక భాషల్లో ఉండాలి. మన దగ్గర అంటే తెలుగులో కూడా. లేబుల్ నీటికి చెరగని, వానకు తట్టుకునే రకంగా ఉండాలని ఫారంలోనే ఉంది. జిరాక్సు కాగితాన్ని టేపుతో అంటిస్తే ఆయిలు చేతులకు రెండో వారానికే చిరిగిపోతుంది. వినైల్ స్టిక్కరు వేయించి, తేదీ, పరిమాణం మాత్రం చెరగని మార్కరుతో రాయండి. తేదీ అంటే డ్రమ్ములో మొదటి చుక్క పడిన తేదీ, నిండిన తేదీ కాదు. తనిఖీలో అధికారి ముందుగా చూసేది ఆ తేదీనే, ఎందుకంటే 90 రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆయిలులో ఏమీ కలపకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే. నిబంధనల 5వ షెడ్యూలు రీసైక్లింగ్‌కు పనికొచ్చే వాడిన ఆయిలుకూ, పనికిరాని ఆయిలు నుంచి తీసే ఇంధనానికీ వేరువేరు పరిమితులు పెట్టింది. వాడిన ఆయిలును శుద్ధి చేసి మళ్లీ బేస్ ఆయిలు (లూబ్రికెంట్ల తయారీకి వాడే మూల ఆయిలు) తీయవచ్చు, దానికి కొనేవారు ఉంటారు. లోహాలో, క్లోరిన్ ఉన్న ద్రావకాలో ఎక్కువైతే అది ఆ కొలత దాటిపోతుంది. అప్పుడు డబ్బు ఇచ్చి తీసుకెళ్లాల్సిన సరుకు, మీరే డబ్బు కట్టి పంపాల్సిన సరుకుగా మారుతుంది.

షెడ్డులో కలపడం ఇలా జరుగుతుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన ట్రేను కడగకుండా ఆయిలు ట్రేగా వాడతారు. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి, డబ్బామీద చూసి, లేని రకమే కొనండి. రేడియేటర్ కూలెంటు అదే డ్రమ్ములో పోస్తారు. అది ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు. నీళ్లతో పాటు అడుక్కి దిగి, శుద్ధి యంత్రంలో నురుగు తెస్తుంది. రుచికి తియ్యగా ఉండే విషం కాబట్టి మూత లేని బకెట్టులో ఉంచితే కుక్కలు తాగి చస్తాయి. దానికి వేరే నీలం క్యాను పెట్టండి. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా వేరు, అది ఆయిలు కాదు, గ్లైకాల్ జాతి. తప్పు ఇంధనం పోసిన బండి ట్యాంకులోని పెట్రోలును ఆయిలు డ్రమ్ములో పోయడం అన్నిటికన్నా ప్రమాదం. ఆ డ్రమ్ము పక్కన వెల్డింగ్ చేస్తే ఆవిరి అంటుకుంటుంది.

డ్రమ్ము పంపే ముందు నీళ్లున్నాయేమో చూడటం సులువు. పొడవాటి గొట్టంతో అడుగునుంచి చిన్న నమూనా తీయండి, నీళ్లు బరువు కాబట్టి కిందే ఉంటాయి. ఒకటి రెండు చుక్కలు వేడిచేసిన ఇనుప పలకమీద వేయండి. చిటపటలాడితే నీళ్లున్నాయి. నిశ్శబ్దంగా పొగ వస్తే లేవు. కళ్లద్దాలు పెట్టుకుని, డ్రమ్ములకు దూరంగా చేయండి. గరాటుకు మూత ఉండాలి, పని కాగానే డ్రమ్ము బిరడా బిగించాలి. తెరిచి ఉంచిన బిరడాలోంచి వానాకాలంలో చేరే నీళ్లే చాలు, మొత్తం డ్రమ్ము ధర పడిపోవడానికి.

ఫిల్టరు విప్పగానే డబ్బాలో పడేయకండి. వేడిగా ఉన్నప్పుడే పైభాగంలో పంచ్‌తో రంధ్రం చేసి, జాలీ మీద బోర్లా పెట్టి 12 గంటలు వదలండి. లోపల మిగిలే ఆయిలు డ్రమ్ములోకి చేరుతుంది, ఫిల్టరు బరువూ తగ్గుతుంది, పంపే ఖర్చూ తగ్గుతుంది. రంధ్రం లేకుండా బోర్లిస్తే లోపలి వాల్వు ఆయిలును పట్టి ఉంచుతుంది, అందుకే చాలామంది ఎండబెట్టామనుకున్న ఫిల్టర్లు లారీలో కారుతాయి.

ఖాళీ ఆయిలు క్యాన్లను ట్రేమీద తలకిందులుగా రాత్రంతా వంచండి. తర్వాత క్యానుకు అడ్డంగా కోత పెట్టండి. కోయని క్యాన్లు పాత సామాను బండి మీదుగా ఇళ్లకు చేరి, వాటిలో మంచినీళ్లో వంటనూనో పోసుకునేవారు ఉన్నారు. ఈ ఒక్క కోత వల్ల ఆ ప్రమాదం ఆగిపోతుంది.

కాటన్ వేస్టుకు మూత ఉన్న ఇనుప డబ్బా పెట్టండి, ప్లాస్టిక్ డస్ట్‌బిన్ వద్దు. పెయింటు, వార్నిషు తుడిచిన గుడ్డలు గాలి తగిలి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. వాటిని రాత్రి గుట్టగా ఉంచకండి, నీటితో తడిపి మూత పెట్టండి.

బ్యాటరీలు

లెడ్ యాసిడ్ బ్యాటరీలకు 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వర్తిస్తాయి. వాటిని మిగతా చెత్తతో కలపకుండా, సేకరణ లేదా రీసైక్లింగ్ చేసే సంస్థకు ఇవ్వాలి. కొత్త బ్యాటరీ అమ్మే డీలరుకు పాతది తిరిగి ఇచ్చి, బిల్లులో పాత బ్యాటరీ సంఖ్య, బరువు రాయించుకోవడం తేలిక మార్గం. యాసిడ్‌ను కాలువలో వంచి, పెట్టె మాత్రం అమ్మడం అతి చెడ్డ పద్ధతి. సీసం కరిగించే పెరటి కొలిమిలకు చేరే బ్యాటరీలు ఇలా వచ్చినవే. ఆ పొగలో పెరిగే పిల్లల రక్తంలోకి సీసం చేరి మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. బ్యాటరీలను నిటారుగా, ప్లాస్టిక్ ట్రేలో, చెక్క పలకమీద ఉంచండి. టెర్మినల్స్‌కు టేపు చుట్టండి. పగిలిన దాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పక్కన రెండు కిలోల వంట సోడా ఉంచండి. యాసిడ్ కారితే దాన్ని చల్లి, నురుగు ఆగేదాకా చూసి, తర్వాత గుడ్డతో తీయండి.

ఎవరికి ఇవ్వాలి, కాగితం ఎలా నడవాలి

ఆయిలు వెళ్లేది ఆథరైజేషన్ ఉన్న రీసైక్లరుకు, లేదా నమోదైన సేకరణ ఏజెంటుకు. వాడిన ఆయిలు రీసైక్లింగ్‌కు ఆయిలు కంపెనీలను బాధ్యులను చేసే 'ఉత్పత్తిదారుల బాధ్యత' నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సేకరణ ఏజెంట్లు, రీసైక్లర్లు కేంద్ర మండలి పోర్టల్లో నమోదు కావాలి. కొనేవాడు చూపించే కాగితంలో నాలుగు విషయాలు చూడండి: గడువు ఇంకా ఉందా, సరుకు పేరు 'వాడిన ఆయిలు' అని ఉందా, ఏడాదికి ఎన్ని టన్నులు అనుమతించారు, చిరునామా బండి వెళ్లే చోటుతో సరిపోతోందా. ఫోన్లో చూపించిన ఫొటోను నమ్మవద్దు, రాష్ట్ర మండలి జాబితాలో పేరు సరిచూసి ప్రతిని ఫైల్లో ఉంచండి. కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చి మానిఫెస్టు వద్దనేవాడికి ఇవ్వకండి. ఆ రెండు రూపాయలు మీ బాధ్యతను కొనడానికి చాలవు.

గుడ్డలు, మడ్డి, పెయింటు వ్యర్థాలు వెళ్లేది ఉమ్మడి శుద్ధి, నిల్వ, పారవేత కేంద్రానికి. తెలంగాణలో హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో ఇలాంటి కేంద్రాలున్నాయి. ముందు సభ్యత్వ ఒప్పందం చేసుకోవాలి, అది లేకుండా లోడు తీసుకోరు. చిన్న యూనిట్లకు పారవేత రుసుము కన్నా లారీ కిరాయే భారమవుతుంది. ఒకే ఎస్టేటులోని పది గ్యారేజీలు ఒక బండి మాట్లాడుకోవచ్చు, కానీ ప్రతి గ్యారేజీకీ మానిఫెస్టు వేరుగా ఉండాలి. అందరి సరుకూ ఒకరి పేరున పంపితే మిగతా తొమ్మిదిమందికీ రుజువు ఉండదు.

మానిఫెస్టు అంటే ఫారం 10. ఏడు ప్రతులు, ఏడు రంగులు. తెలుపు మీరు రాష్ట్ర మండలికి పంపేది. పసుపు, డ్రైవరు సంతకం చేశాక మీ దగ్గర ఉండేది. మిగతా అయిదూ బండితో వెళతాయి. వాటిలో గులాబీ తీసుకునేవారిది, నారింజ రవాణాదారుది, ఆకుపచ్చను తీసుకునేవారు మండలికి పంపుతారు, నీలం మీకు తిరిగి రావాలి, బూడిద రంగు పంపినవారి రాష్ట్రం వేరైతే ఆ మండలికి. పోర్టల్లో నింపినా ఈ వరుసే. పంపిన దానికి రుజువు పసుపు, చేరిన దానికి రుజువు నీలం. నీలం ప్రతి రెండు వారాల్లో రాకపోతే ఫోన్ చేయండి, నెల దాటితే లేఖ రాసి దాని ప్రతి మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి. తనిఖీ ఫైళ్లలో ఎక్కువగా కనబడని కాగితం ఇదే.

డ్రైవరుకు ఫారం 9 అత్యవసర కార్డు ఇవ్వాలి. రాష్ట్రం దాటితే రెండు పద్ధతులున్నాయి. రీసైక్లింగ్‌కైతే రెండు రాష్ట్రాల మండళ్లకూ ముందుగా తెలియజేయాలి. పారవేతకైతే రెంటినుంచీ నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. హైదరాబాద్ ఆయిలు కర్నూలు వెళ్లినా ఇది రాష్ట్రం దాటినట్టే, పాత అలవాటుతో మర్చిపోతుంటారు.

రిజిస్టరు, వార్షిక రిటర్ను

ఫారం 3 రిజిస్టరు రోజూ రాయండి. వారానికోసారి ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపిన పేజీలు చూడగానే తెలిసిపోతాయి. జూన్ 30 లోపు, ముగిసిన ఆర్థిక సంవత్సరానికి ఫారం 4 రిటర్ను వేయాలి. దాన్ని పంపే ముందు ఈ కూడిక చేయండి: మార్చి 31 నిల్వ = ముందటి ఏడాది మిగులు + ఈ ఏడాది పుట్టింది − మానిఫెస్టుల మొత్తం. ఆ అంకె గదిలో నిజంగా ఉన్న డ్రమ్ములతో సరిపోవాలి. సరిపోకపోతే రిటర్నులో అంకె దిద్దకండి, తప్పు ఎక్కడుందో వెతకండి. తరచుగా దొరికేవి: లీటర్లు కిలోలుగా పడటం, మార్చి చివర పంపిన లోడు ఏప్రిల్లో ఎక్కడం, డ్రమ్ము ఖాళీ బరువు 15 నుంచి 20 కిలోలు తీసేయకపోవడం. కొత్త ఆయిలు కొన్న జీఎస్టీ బిల్లులను కూడా పక్కన పెట్టి చూడండి. ఏడాదికి తొమ్మిది వేల లీటర్లు కొని, రెండు వేల లీటర్లే బయటకు వచ్చిందంటే ఎవరికైనా ప్రశ్న వస్తుంది.

ఒలికితే

ముందు మంట వచ్చే పనులు ఆపండి, తర్వాత కాలువ నోరు ఇసుకతో మూయండి. ఆయిలు తుడవడం ఆ తర్వాతే. నీళ్లు కొట్టి కడగవద్దు, రంపపు పొట్టో ఇసుకో చల్లి, పీల్చుకున్నాక గరిటెతో తీసి 5.2 డబ్బాలో వేయండి. నిల్వ చోట గానీ రవాణాలో గానీ ప్రమాదం జరిగితే మండలికి వెంటనే చెప్పి, ఫారం 11లో నివేదిక ఇవ్వాలి. అగ్నిమాపక శాఖ 101.

ఇప్పటికే వెనుక గోడ దగ్గర లేబుళ్లు లేని పాత డ్రమ్ములు పేరుకుపోయి ఉంటే వాటికి పాత తేదీలు వేసి కాగితాలు సృష్టించకండి. ఒక్కోదాన్ని తూచి, నీళ్లున్నాయేమో చూసి, నేటి తేదీతో, 'పాత నిల్వ' అన్న మాటతో లేబుల్ వేయండి. రిజిస్టరు మొదటి పేజీలో ప్రారంభ నిల్వగా చూపండి. ఆథరైజేషన్ దరఖాస్తులోనే ఆ పరిమాణాన్ని ప్రస్తావించి, ఎవరికి ఎప్పుడు పంపుతారో రాయండి. ఆర్డరు రాగానే మొదటి లోడుగా అవే వెళ్లాలి.